కచేరీ గాత్రం, కచేరీ జీవితం: విజయనగరం, శ్రీకాకుళం వాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో పిల్లల్ని సంగీతంలో పెట్టిన తల్లిదండ్రులు, కొంత నేర్చుకుని కచేరీ వైపు చూస్తున్న కుర్రాళ్ళు, అమ్మాయిలు అడిగే సందేహాలు ఏళ్ళు గడిచినా అవే. పాఠం అయ్యాక గుమ్మం దగ్గర ఒకరు, ఫోన్లో ఒకరు, పెళ్ళి భోజనాల దగ్గర ఒకరు అడుగుతారు. అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. ఎక్కడి నుంచైనా చదవండి, ఏ జవాబుకి ఆ జవాబు పూర్తిగానే ఉంటుంది. ఇదంతా కర్ణాటక సంగీతంలో కచేరీ గాత్రం గురించి. సినిమా పాట, లలిత సంగీతం వేరే దారులు. వాటికీ శ్రమ ఉంది, వాటి మర్యాద వాటికి ఉంది.

## మొదలుపెట్టే ముందు

మా పాపకి ఆరేళ్ళు. పాఠానికి ఇప్పుడే పంపమంటారా, ఆగమంటారా?

పంపండి. కానీ ఆరేళ్ళ పిల్ల ఇరవై నిమిషాలకి మించి ఒకచోట కూర్చోదు, కూర్చోబెట్టకూడదు కూడా. ఈ వయసులో తయారు కావలసింది చెవి. పొద్దున్న మీరు వంటింట్లో పని చేసుకుంటున్నప్పుడు మంచి గాత్రం వినిపిస్తూ ఉంచండి. శ్రుతి (పాటకి ఆధారంగా ఆగకుండా మోగే స్వరం) మోగుతుంటే పిల్ల తనంతట తాను అందులో కలిసి "స" అనగలిగిన రోజు అసలు పాఠం మొదలవుతుంది. ప్రభుత్వ సంగీత కళాశాలలో సర్టిఫికెట్ కోర్సుకి పదేళ్ళ వయసు ఉండాలి. అంతదాకా ఓపికున్న మాస్టారి దగ్గరో, టీచరుగారి దగ్గరో సరళీ, జంట స్వరాలు (మొదటి స్వర పాఠాలు), నాలుగు గీతాలు (చిన్న పాటలు) అయితే చాలు. చుట్టాలు వచ్చినప్పుడల్లా "ఏదీ, ఒక కీర్తన పాడమ్మా" అని నిలబెట్టకండి.

మా ఇంటా వంటా సంగీతం లేదు. మా కులంలో ఎవరూ నేర్చుకోలేదు. మాకు అబ్బుతుందా?

ఇది గొంతు తగ్గించి అడుగుతారు, అందుకే గట్టిగా చెబుతున్నాను. అబ్బుతుంది. పదాలు, జావళీలు (శృంగార పాటలు) ఇవాళ మన దాకా వచ్చాయంటే పాట, నాట్యం వృత్తిగా ఉన్న కళావంతుల ఇళ్ళ ఆడవాళ్ళ చలవే. రాగాలాపన (మాటలు లేకుండా రాగాన్ని విస్తరించి పాడడం) ఎంత దూరం సాగవచ్చో నాదస్వర విద్వాంసులు ఊరేగింపుల్లో వాయించి చూపించారు. విజయనగరం పేరు దేశమంతా వినిపించిన వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు సైన్యంలో పనిచేసిన తండ్రికి పుట్టినవారు. సంగీతం ఉన్న ఇంటి పిల్లలకి ఉన్న సౌకర్యం ఒక్కటే, పుట్టినప్పటి నుంచి చెవిన పడుతుంది. మీరు రోజూ వినిపిస్తే ఆ తేడా నాలుగైదేళ్ళలో పూడిపోతుంది. కులం ఆరా తీసే మాస్టారు ఎదురైతే అక్కడ ఆగకండి. వేరే మాస్టారిని చూసుకోండి.

మా బాబుకి చూపు లేదు. కచేరీ గాయకుడు కాగలడా?

కాగలడు. విజయనగరం సంగీత కళాశాల పుట్టుకే అలాంటి ఒక పిల్లవాడితో ముడిపడి ఉంది. సంస్థానంలో ఉద్యోగి ఒకరి కొడుక్కి చూపు లేదట, పాట మీద ప్రాణమట. ఆ పిల్లవాడి చదువు గురించి ఆలోచిస్తూ విజయరామ గజపతి రాజు గారు 1919లో అందరికీ పనికొచ్చేలా ఏకంగా పాఠశాలే పెట్టించారని ఊళ్ళో చెప్పుకుంటారు. మన సంగీతం చెవితో వచ్చే విద్య కాబట్టి పుస్తకం చూసి పాడే అలవాటు పడకపోవడం బాబుకి మేలే చేస్తుంది. రెండు సంగతులు మాత్రం ముందే చూసుకోండి. వేదిక మీద పక్కవాద్యం వాళ్ళు (పాటకి తోడు వయొలిన్, మృదంగం వాయించేవాళ్ళు) కళ్ళతో సైగ చేస్తారు. బాబుకి ఆ సైగ చిన్న చప్పుడుగానో, స్వరం ముగింపుగానో అందేలా వాళ్ళతో కలిసి అభ్యాసం చేయించాలి. రెండోది, ప్రతి పాఠం రికార్డు చేసి, మొదట్లో రాగం, తాళం, కృతి పేరు నోటితో చెప్పి దాచాలి.

విజయనగరంలో నేర్చుకుంటే సరిపోతుందా, మద్రాసు పోవాలా?

పునాదికి, నడిమి పాఠానికి విజయనగరం చాలు. ఇది ఊరి మీద అభిమానంతో అంటున్న మాట కాదు, చరిత్ర చూసి అంటున్నాను. 1919లో మొదలైన ఈ కళాశాలకి తొలి అధ్యక్షులు హరికథా పితామహులు ఆదిభట్ల నారాయణ దాసు గారు (1864–1945). అజ్జాడ నుంచి వచ్చిన మన ప్రాంతం మనిషి. రెండు చేతులతో, రెండు కాళ్ళతో వేరువేరు తాళాలు వేస్తూ పాడిన లయజ్ఞులు. అదే ఏడాది వయొలిన్ ఆచార్యులుగా చేరిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారు 1936లో అధ్యక్షులయ్యారు, 1941లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఇచ్చే పెద్ద బిరుదు, సంగీత కళానిధి, అందుకున్నారు. ఘంటసాల గారు ఈ ఊళ్ళోనే మధుకరం (ఇంటింటా అన్నం అడగడం) ఎత్తుకుని కడుపు నింపుకుంటూ పట్రాయని సీతారామశాస్త్రి గారి దగ్గర పాఠం చెప్పుకున్నారు. పి. సుశీల గారు పుట్టింది, నేర్చుకున్నదీ ఇక్కడే. కచేరీ గాత్రంలోనే ఉదాహరణ కావాలంటే నేదునూరి కృష్ణమూర్తి గారు. 1940లో ఇక్కడ చేరి గాత్రం, వయొలిన్ నేర్చుకున్నారు. ఆ తరవాత శ్రీపాద పినాకపాణి గారి దగ్గర పాఠానికి పదును పెట్టుకున్నారు. 1991లో సంగీత కళానిధి అయ్యారు.

నేదునూరి గారి వరస మీ అబ్బాయికీ పనికొస్తుంది. ఇక్కడ గట్టిపడాలి, తరవాత ఒక పెద్ద గురువు దగ్గర చేరాలి. వర్ణాలు (గొంతుని తీర్చిదిద్దే, కచేరీ మొదట్లో పాడే రచనలు) స్థిరపడకుండా పద్నాలుగేళ్ళ పిల్లవాణ్ణి చెన్నైలో గది అద్దెకి తీసి ఉంచితే ఆ ఖర్చు గదికే సరిపోతుంది, పాఠానికి మిగలదు.

తంబురా కొనాలా? ఫోన్లో శ్రుతి పెట్టుకుంటే చాలదా?

రోజూ సాధనకి ఫోన్ అయినా, ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టె అయినా చాలు. వారానికి ఒక రోజైనా అసలు తంబురా ముందు కూర్చోవాలని మాత్రం నేను పట్టుబడతాను. తంబురాకి నాలుగు తీగలు. పంచమం (ప), సారణి, అనుసారణి (రెండూ షడ్జం, అంటే స), మంద్రం (కింది స). బిరడా (తీగ బిగించే పిడి) తిప్పి పంచమం సరిచేసి, రెండు షడ్జాలూ ఒకటే అయ్యేదాకా వింటారు. ఆ తరవాత గుర్రం (తీగలు ఆనే చెక్క) మీద తీగ కిందికి ఒక నూలుపోగు పెట్టి, వేలితో వెంట్రుకవాసి ముందుకీ వెనక్కీ జరుపుతారు. అప్పటిదాకా పొడిగా మోగిన తీగ ఒక్కచోట గుయ్యిమని విచ్చుకుంటుంది. దాన్నే జీవా అంటారు. మంద్ర తీగ జీవాతో మోగుతుంటే అందులోంచి గాంధారం (గ) దానంతట అదే వినిపిస్తుంది. ఆ గాంధారాన్ని ఒకసారి విన్న పిల్ల శంకరాభరణంలో గాంధారం తప్పుగా పట్టదు. ఫోన్‌లో మోగేది ఎప్పుడూ సరిగ్గానే ఉంటుంది కాబట్టి సరిచేసే పని మన చెవికి ఉండదు, నష్టం అక్కడే.

బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస కర్రతో వీణలు చేసే కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. పాత తంబురాకి గుర్రం, బిరడాలు బాగు చేయించాలంటే అలాంటి పనితనం తెలిసినవాళ్ళనే అడగండి. మామూలు వడ్రంగి చేతిలో పెట్టకండి.

## పాఠం సాగుతున్న ఏళ్ళలో

ఎన్నేళ్ళకి కచేరీ చెయ్యగలుగుతారు?

నిలకడగా నేర్చుకుంటే ఎనిమిది నుంచి పదేళ్ళు. కళాశాలలో సర్టిఫికెట్ నాలుగేళ్ళు, డిప్లొమా రెండేళ్ళు. డిప్లొమా చేతికొచ్చిన రోజుకి కృతులు పాడడం వస్తుంది. సొంతంగా రాగం పాడి సభని కూర్చోబెట్టడానికి ఇంకో మూడు నాలుగేళ్ళు పడుతుంది. బాలమురళీకృష్ణ గారు ఎనిమిదేళ్ళకే కచేరీ చేశారు కదా అంటారు. అది ఆయనకి చెల్లింది.

సరళీ స్వరాలే నెలల తరబడి పాడిస్తున్నారు. మాస్టారు కావాలని సాగదీస్తున్నారా?

లేదు, మీ అదృష్టం కొద్దీ అలాంటి మాస్టారు దొరికారు. సరళీ మాయామాళవగౌళ రాగంలో ఎందుకు పెట్టారో చూడండి. స-రి, గ-మ, ప-ద, ని-స, ఈ నాలుగు చోట్లా స్వరాలు పక్కపక్కనే ఉంటాయి, మధ్యలో దూరాలు పెద్దవి. పూర్వాంగం (స నుంచి మ దాకా) ఎలా ఉందో ఉత్తరాంగమూ (ప నుంచి పై స దాకా) అలాగే. గొంతుకి దగ్గర దూరం, పెద్ద దూరం రెండూ ఒక్క రాగంలోనే పట్టుబడతాయి.

మూడు కాలాల్లో (మూడు వేగాల్లో) పాడినప్పుడు ఒకటి గమనించండి. మొదటి కాలంలో నాలుగో అక్షరం దగ్గర స్వరం కిందికి జారుతోందా? మూడో కాలంలో "ని" నోట్లో నలుగుతోందా? తాళం వేసే చెయ్యి పాటతో పాటు పరిగెడుతోందా? ఈ మూడూ నిలిచేదాకా ముందుకు వెళ్ళకపోవడమే మంచిది. ఆకారంలో ("ఆ" అంటూ) కూడా పాడించమని అడగండి. స్వరం పేరు పలికితే వచ్చే ఆసరా ఆకారంలో ఉండదు, తప్పు ఇట్టే బయటపడుతుంది.

రోజుకి ఎన్ని గంటలు సాధన చెయ్యాలి?

స్కూలు పిల్లలకి పొద్దున్న అరగంట, సాయంత్రం అరగంట. కచేరీ లక్ష్యం పెట్టుకున్నవాళ్ళకి రెండు నుంచి మూడు గంటలు, రెండు మూడు విడతలుగా. ఆదివారం ఒక్కరోజు ఐదు గంటలు పాడి మిగతా వారం మానేస్తే గొంతు అలుస్తుంది తప్ప లాభం లేదు. పొద్దున్న మంద్రస్థాయి (కింది స్థాయి) ఆకార సాధనతో మొదలుపెట్టండి, తరవాత వర్ణం రెండు కాలాలు, ఆ తరవాతే కృతి. చాలామంది కృతితో మొదలుపెట్టి కృతితోనే ముగిస్తారు. దానివల్ల పాఠం గుర్తుంటుంది, గొంతు మాత్రం ఎదగదు.

ఆన్‌లైన్ పాఠాలు పనికొస్తాయా? పాలకొండ, టెక్కలి వైపు మాకు గురువులు దగ్గర్లో లేరు.

కొంత పాఠం వచ్చినవాళ్ళకి పనికొస్తాయి, మొదలుపెట్టేవాళ్ళకి కష్టం. ఇంటర్నెట్‌లో ధ్వని ఒక్క క్షణం ఆలస్యంగా చేరుతుంది. అందువల్ల గురువు, శిష్యుడు కలిసి పాడలేరు, ఒకే తాళం వెయ్యలేరు. కలిసి పాడడమే మన పాఠానికి సగం బలం. దీనికి దారి ఏమిటంటే, గురువుగారు పాడిన పాఠం రికార్డు చేసుకుని దానితో గొంతు కలిపి సాధన చెయ్యడం, నెలకి రెండుసార్లు బస్సెక్కి వెళ్ళి ఎదురుగా కూర్చోవడం. ఆ రెండు రోజులూ కొత్త పాఠం అడగకండి. పాత పాఠం దిద్దించుకోండి.

గురువుని మార్చితే పాపమా?

కాదు. చెప్పకుండా మానెయ్యడం తప్పు. వెళ్ళి నమస్కారం పెట్టి, ఫలానా కారణం వల్ల ఫలానా వారి దగ్గర చేరుతున్నానని చెప్పండి. మంచి గురువులు చాలామంది తామే "ఇక నా దగ్గర చాలు, వారి దగ్గరికి వెళ్ళు" అంటారు. ఏడాదికో గురువుని మార్చేవాళ్ళ పాట మాత్రం ఎక్కడా కుదురుకోదు. ఒక్కొక్కరిది ఒక్కో పాఠాంతరం (అదే కృతిని పాడే తీరు), కలిపితే ఏదీ నిలవదు.

రాగాలాపన, కల్పనస్వరం (అప్పటికప్పుడు అల్లి పాడే స్వరాలు) నేర్పితే వచ్చేవేనా? పుట్టుకతో రావాలా?

నేర్పితే వస్తాయి. ఎలా నేర్పాలన్న దగ్గరే తేడా వస్తుంది. మనోధర్మం (సొంత ఊహతో అప్పటికప్పుడు పాడడం) అనగానే భయపడి కొందరు మాస్టార్లు రాసిచ్చిన స్వరాలు బట్టీ పట్టిస్తారు. పోటీల్లో బహుమతి వస్తుంది, పిల్ల మాత్రం అక్కడే ఆగిపోతుంది.

నేను నమ్మే పద్ధతి చెబుతాను. మోహన తీసుకోండి, ఐదు స్వరాలే. మొదటి వారం షడ్జం నుంచి పంచమం దాకానే తిరగాలి, పైకి వెళ్ళకూడదు. గాంధారం మీద నిలబడి, దాని చుట్టూ ఎన్ని చిన్న మాటలు పలకగలరో చూడాలి. రెండో వారం దైవతం చేర్చాలి. తారషడ్జం మూడో వారానికి. చోటు తక్కువగా ఉన్నప్పుడే ఊహ పనిచేస్తుంది. కల్పనస్వరం కూడా అంతే. ముందు సగం ఆవర్తనం (తాళం ఒక చుట్టు ఒక ఆవర్తనం), ఎత్తుగడ స్వరానికి (పంక్తి మొదలయ్యే స్వరానికి) ఒకే స్వరం ముందు నుంచి దిగడం, తరవాత ఒక ఆవర్తనం, తరవాత రెండు. లెక్కలు, కోర్వైలు (లెక్కతో కట్టిన ముగింపులు) ఆఖరున. నెరవుకి (ఒక పంక్తినే రకరకాలుగా విస్తరించి పాడడానికి) తీసుకున్న పంక్తి అర్థం విరగకుండా తాళంలో పరుచుకోవాలి. అందుకే పంక్తిని ముందు మామూలుగా చదివించి, అర్థం చెప్పించి, ఆ తరవాతే పాడించాలి.

వీటన్నిటి కింద ఉండేది వినికిడి. ఒక రాగం నెల రోజులు పట్టుకుని, అదే రాగాన్ని నలుగురు పెద్దల గాత్రంలో, ఒక నాదస్వరంలో, ఒక వీణలో వినండి. వోలేటి వెంకటేశ్వర్లు గారి రికార్డింగులు దొరికినన్ని వినండి. వాడుక రాగంలో కూడా ఎవరూ తొక్కని మూల ఎక్కడ మిగిలి ఉందో ఆయన పాటలో కనిపిస్తుంది.

తెలుగు మన భాషే కదా, సాహిత్యం మీద వేరే శ్రద్ధ ఎందుకు?

మన భాష కాబట్టే. త్యాగరాజు, అన్నమయ్య, క్షేత్రయ్య, రామదాసు, శ్యామశాస్త్రి ఎక్కువగా పలికింది తెలుగే. తమిళ, కన్నడ గాయకులు అర్థం రాసుకుని, పలుకుబడి అడిగి తెలుసుకుని పాడుతుంటే, మనం మాట మధ్యలో ఊపిరి తీసి రెండు ముక్కలు చేస్తే సిగ్గు మనదే. సంగతులు (ఒకే పంక్తికి వేసే కొత్త కొత్త మలుపులు) పెరిగేకొద్దీ ఈ విరుపులు ఎక్కువవుతాయి. పాఠం రాసుకునేటప్పుడే ఎక్కడ ఊపిరి తియ్యాలో గీత పెట్టుకోండి. ళ-ల, ణ-న, శ-ష-స తేడాలు అద్దం ముందు పలికి చూసుకోండి. మన యాస మీద మాత్రం ఎవరైనా నవ్వితే పట్టించుకోకండి. ఇంట్లో మాట్లాడే యాస ఎక్కడికీ పోనక్కర్లేదు.

## గొంతు

మా వాడికి పదమూడేళ్ళు. గొంతు పగులుతోంది, పాట మానిపించాలా?

మానిపించకండి, తగ్గించండి. గొంతు మారే ఏడాది రెండేళ్ళలో హెచ్చుస్థాయి వదిలేసి, హాయిగా పలికేచోట శ్రుతి దించి, మధ్యస్థాయిలోనే పాడించాలి. లయ పాఠానికి ఇది మంచి సమయం. మృదంగం మొదలుపెట్టించిన పిల్లలు తరవాత గాత్రంలోనూ బాగుపడ్డారు. పాత శ్రుతిలోనే పాడమని పట్టుబడితే గొంతు బిగబట్టే అలవాటు పడుతుంది, అది వదిలించడం చాలా కష్టం.

ఏ శ్రుతిలో పాడాలి?

మగవాళ్ళు ఎక్కువమంది ఒకటి (హార్మోనియం మీద C) నుంచి రెండు (D) మధ్య, ఆడవాళ్ళు నాలుగున్నర నుంచి ఆరు మధ్య. మంద్ర పంచమం (కింది ప) వినపడేలా, తార పంచమం (పై ప) కష్టపడకుండా పలికేదే మీ శ్రుతి. ఎవరినో చూసి ఎంచుకోకూడదు.

చల్లనివి, పెరుగు, పులుపు మానెయ్యాలా?

చల్లటి నీళ్ళు స్వరతంత్రుల మీదుగా పోవు, వేరే గొట్టంలో పోతాయి. మీకు జలుబు చేస్తే మానండి, లేకపోతే భయం వద్దు. అసలు శత్రువులు వేరే ఉన్నాయి. రాత్రి పొద్దుపోయాక కడుపునిండా తిని వెంటనే పడుకోవడం, దానివల్ల పుల్లటి తేనుపు గొంతుదాకా రావడం. నీళ్ళు తక్కువ తాగడం. సిరిమానోత్సవం నాడు డప్పులు, మైకుల హోరులో గొంతెత్తి కేకలు వెయ్యడం. గొంతు పోయినప్పుడు గుసగుసగా మాట్లాడడం కూడా మంచిది కాదు, ఊరుకోవడమే మేలు. బొంగురు మూడు వారాలు దాటితే మిరియాల కషాయంతో సరిపెట్టకుండా చెవి, ముక్కు, గొంతు డాక్టరుకి చూపించండి. నెలసరి రోజుల్లో గొంతు కాస్త బరువెక్కడం చాలామంది అమ్మాయిలకి ఉంటుంది. ఆ రోజుల్లో తారస్థాయి మీద పట్టుబట్టొద్దు.

## తొలి కచేరీలు

మొదటి అవకాశం ఎక్కడ దొరుకుతుంది?

గుళ్ళో. రామతీర్థంలో శ్రీరామనవమి, అరసవల్లిలో రథసప్తమి, శ్రీకూర్మం, ఊరూరా దసరా నవరాత్రులు, పుష్య బహుళ పంచమికి త్యాగరాజ ఆరాధనలు. ఆరాధనలో పంచరత్న కృతుల గోష్ఠిలో (అందరూ కలిసి పాడేచోట) కూర్చోండి, తరవాత ఒక కృతి అడగండి. మరుసటి ఏడాది అరగంట ఇస్తారు. గుడి కచేరీలో జనం వస్తూ పోతూ ఉంటారు, గంట మోగుతుంది, మధ్యలో హారతి ఇస్తారు. అవన్నీ జరుగుతుంటే శ్రుతి వదలకుండా పాడగలిగితే ఏ హాలూ భయపెట్టదు.

గంటన్నర కచేరీకి ఏం పాడాలి, ఏ వరసలో?

ఇవాళ మనం పాటిస్తున్న వరస అరియక్కుడి రామానుజ అయ్యంగార్ గారు (1890–1967) స్థిరపరిచింది. వర్ణంతో మొదలు, ఏడెనిమిది నిమిషాలు. వినాయకుడి మీద ఒక కృతి, చివర రెండు మూడు ఆవర్తనాల స్వరం. తరవాత చిన్న ఆలాపనతో విలంబకాల (నిదానంగా సాగే) కృతి ఒకటి, ఇక్కడే శ్రోత మీ గొంతుని నమ్ముతాడు. దాని వెంటనే ఒక చురుకైన కృతి. ఆ పైన ప్రధాన కృతి, రాగం, నెరవు, స్వరం, తని ఆవర్తనం (మృదంగం ఒంటరిగా వాయించే భాగం) కలిపి ముప్పై ఐదు నలభై నిమిషాలు. ఆఖరున ఒక అన్నమయ్య కీర్తన, జావళి లేదా తిల్లానా (లయ ప్రధానమైన చురుకైన పాట), మంగళం.

రాగాల ఎంపికలో వెంటవెంటనే ఒకే పోలిక ఉన్నవి రాకూడదు. కనీసం ఒక ప్రతిమధ్యమ (హెచ్చు మ ఉన్న) రాగం ఉండాలి. అన్నీ ఆదితాళం కాకుండా ఒక మిశ్రచాపు, ఒక రూపకం తాళం. వాగ్గేయకారులు (పాట రాసి వరస కట్టినవాళ్ళు) మారాలి. కొత్తవాళ్ళు ప్రధాన రాగంగా పెద్ద పేరున్నది పెట్టుకుని ఇబ్బంది పడతారు. తోడి మీద మోజు ఉంటే ఇంట్లో పదేళ్ళు పాడండి, వేదిక మీద ముందు మీకు బాగా వచ్చిన కల్యాణి పాడండి.

పక్కవాద్యం వాళ్ళని ఎలా పిలవాలి? డబ్బు ఎవరిస్తారు?

తేదీ, చోటు, ఎంతసేపు, రానుపోను ఖర్చు, సంభావన, ఇవన్నీ ముందే ఫోన్లో స్పష్టంగా చెప్పండి. నిర్వాహకులు ఒక మొత్తం ప్రధాన గాయకులకి ఇస్తే, అందులోంచి వయొలిన్, మృదంగం వాళ్ళకి ఇచ్చాకే మీరు తీసుకోవాలి. కొత్తలో మీకు మిగలకపోవచ్చు, చేతి డబ్బు పడొచ్చు. అయినా వాళ్ళకి ఇస్తానన్నది తగ్గించకండి. కచేరీ అయిన రాత్రే ఇచ్చెయ్యండి.

పాటల జాబితా ముందురోజే పంపండి. వేదిక మీద ఎడమవైపు వయొలిన్, కుడివైపు మృదంగం అయితే, ఆలాపన వయొలిన్‌కి ఇచ్చేటప్పుడు అటు తిరిగి చూడండి, ఆయన వాయిస్తున్నంతసేపూ వినండి. ఆ సమయంలో ఫ్లాస్కు మూత తిప్పుకుంటూ, కాగితాలు సర్దుకుంటూ కూర్చునే గాయకుల్ని చూస్తే నాకు మనసు కష్టంగా ఉంటుంది. వయసులో పెద్ద విద్వాంసుడు మీకు మృదంగం వాయించడానికి వచ్చారంటే అది మీకు పాఠం. తని అయ్యాక ఆయన ఎక్కడ తప్పులు దాచి మిమ్మల్ని నడిపించారో అడిగి తెలుసుకోండి.

వేదిక మీద సాహిత్యం మర్చిపోతే?

ఆగకండి. పల్లవికి వచ్చెయ్యండి, లేదా ఆ పంక్తి ఆకారంలో పూర్తి చెయ్యండి. తాళం వేసే చెయ్యి మాత్రం ఆగకూడదు. చిన్న పుస్తకం ఎదురుగా పెట్టుకోవడం తప్పు కాదు, కానీ కళ్ళు దాని మీదే ఉంటే రాగం చిన్నబోతుంది.

## రేడియో, సభలు, చెన్నై

ఆకాశవాణి గ్రేడు ఇప్పటికీ అవసరమా?

అవసరమే. సంగీతం తెలిసినవాళ్ళు మీ ముఖం చూడకుండా విని ఇచ్చే కొలత అది. మనకి దగ్గరి కేంద్రం విశాఖపట్నం. బి, బి హై, ఏ, టాప్ అని గ్రేడులు. రాగాల, కృతుల జాబితా ఇవ్వాలి, అందులోంచి వాళ్ళు అడిగింది అప్పటికప్పుడు పాడాలి, మనోధర్మమూ చూస్తారు. జాబితా పొడుగ్గా ఉంటే మెప్పు వస్తుందనుకుని సగం వచ్చినవి చేర్చకండి, సరిగ్గా వాటినే అడుగుతారు. 16 నుంచి 24 ఏళ్ళ వాళ్ళకి ఆకాశవాణి సంగీత పోటీలు వేరే ఉన్నాయి. గ్రేడు రాకముందు వాటికి కూర్చోవడం మంచి అభ్యాసం.

డిసెంబరు సీజన్లో చెన్నైలో పాడితేనే పేరా?

పేరుకి అది పెద్ద సంత, కాదనను. డిసెంబరు నడుమ నుంచి జనవరి మొదటి వారాల దాకా ఊరంతా కచేరీలే. కొత్తవాళ్ళకి మధ్యాహ్నం సమయాలు ఇస్తారు, హాల్లో కొద్దిమందే ఉంటారు, చాలాచోట్ల సంభావన ఉండదు. రికార్డింగు, వివరాలు నెలల ముందే పంపాలి. డబ్బు కడితే అవకాశం ఇస్తామనే వాళ్ళు ఎదురైతే దూరంగా ఉండండి. మొదటి రెండు మూడేళ్ళు వినడానికి వెళ్ళమని నా సలహా. విజయనగరంలోనో, ఆమదాలవలసలో శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లోనో రైలెక్కితే మర్నాటికి చెన్నైలో ఉంటారు. వారం రోజులు పొద్దున్న ఉపన్యాస ప్రదర్శనలు, సాయంత్రం కచేరీలు విని రండి. విశాఖ కళాభారతిలో జరిగే కచేరీలకైతే సాయంత్రం వెళ్ళి రాత్రికి ఇల్లు చేరవచ్చు. ఆ దగ్గరి అవకాశాన్ని మనవాళ్ళు వాడుకోకపోవడం నాకు బాధ.

తిరుమలలో పాడాలంటే?

శ్రీవారి ఆలయం ఎదుట నాదనీరాజనం వేదిక మీద రోజూ సాయంత్రం కార్యక్రమాలు ఉంటాయి. దేవస్థానానికి దరఖాస్తు చేసుకోవాలి. అన్నమయ్య సంకీర్తనలు పదిలంగా సిద్ధం చేసుకోండి. రాగిరేకుల మీద సాహిత్యం దొరికింది కానీ పాత బాణీలు మనకి దక్కలేదు. ఇవాళ పాడేవి నేదునూరి వంటి పెద్దలు కట్టిన వరసలు. ఎవరి వరస పాడుతున్నారో వాళ్ళ పేరు చెప్పండి.

## బతుకుతెరువు

కచేరీలతోనే ఇల్లు గడుస్తుందా?

మన జిల్లాల్లో ఉండి కచేరీల మీదే గడవడం దాదాపు లేదు. పాఠాలు చెప్పడమే ఆధారం. దాన్ని తక్కువగా చూడకండి, నారాయణ దాసు గారి నుంచి నేదునూరి గారి దాకా అందరూ పాఠం చెప్పినవాళ్ళే. పొద్దున్న సొంత సాధన అయ్యాకే పిల్లల పాఠాలు పెట్టుకోండి. సాయంత్రం నాలుగు గంటలు పిల్లలతో అరిచిన గొంతు రాత్రి సాధనకి పనికిరాదు. ఉద్యోగాలంటే సంగీత కళాశాలలు, కేంద్రీయ విద్యాలయాలు, నవోదయ పాఠశాలల్లో సంగీతం టీచరు పోస్టులు ఉంటాయి. వాటికి డిప్లొమా ఒక్కటే చాలదు, డిగ్రీ కూడా చూస్తారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సంగీతంలో ఎం.ఏ. ఉంది. చదువు మధ్యలో వదలొద్దనేది అందుకే.

వేరే ఉద్యోగం చేస్తూ పెద్ద గాయకులు కావచ్చా?

శ్రీపాద పినాకపాణి గారిని చూడండి. 1913లో శ్రీకాకుళం జిల్లా ప్రియ అగ్రహారంలో పుట్టారు. డాక్టరు, కర్నూలు వైద్య కళాశాలలో ఆచార్యులు. పగలు ఆసుపత్రి, మిగతా సమయం పాట. నేదునూరి, నూకల చిన సత్యనారాయణ, వోలేటి వంటి వాళ్ళకి పాఠం చెప్పారు, కృతులెన్నో స్వరాలతో సహా రాసిపెట్టారు, 1983లో సంగీత కళానిధి అయ్యారు. ఉద్యోగం చేసేవాళ్ళకి కచేరీల సంఖ్య తగ్గుతుంది. డబ్బు కోసం ఇష్టంలేని చోట పాడవలసిన అవసరమూ తగ్గుతుంది.

పేద పిల్లలకి స్కాలర్‌షిప్పులు ఉన్నాయా?

ఉన్నాయి. ఢిల్లీలోని సీసీఆర్‌టీ అనే కేంద్ర సంస్థ 10 నుంచి 14 ఏళ్ళ పిల్లలకి ఒక స్కాలర్‌షిప్ ఇస్తుంది. 18 నుంచి 25 ఏళ్ళ యువ కళాకారులకి నెలకి 5000 రూపాయల చొప్పున రెండేళ్ళు కేంద్ర సాంస్కృతిక శాఖ పథకం ఉంది. ప్రకటన వచ్చినప్పుడు గడువు తక్కువ ఉంటుంది. పుట్టిన తేదీ పత్రం, గురువుగారి ఉత్తరం ముందే సిద్ధంగా పెట్టుకోండి.

## ఇల్లు, వయసు

అమ్మాయి బాగా పాడుతుంది. పెళ్ళయ్యాక సాగుతుందా?

పెళ్ళిచూపుల్లో పాట పాడించుకుని, పెళ్ళయ్యాక ఆ పాటే వద్దన్న ఇళ్ళు నేను చూశాను. అందుకే సంబంధం మాట్లాడేటప్పుడే తేల్చుకోండి. "పాడుకోనిస్తారా?" అని అడిగితే అందరూ సరేనంటారు. "పొద్దున్న గంటన్నర సాధనకి తలుపు వేసుకుంటుంది, నెలకి రెండుసార్లు ఊరు వెళ్ళి రాత్రి ఆలస్యంగా వస్తుంది, పక్కవాద్యం వాళ్ళు ఇంటికి వస్తారు" అని విడమరిచి చెప్పండి. అప్పుడు వచ్చే జవాబే జవాబు. కాన్పు తరవాత గొంతుకంటే ముందు పొట్ట కండరాల బలం రావాలి, డాక్టరు సరే అన్నాక మంద్రస్థాయితో మెల్లగా మొదలుపెట్టాలి. రెండేళ్ళు విరామం వచ్చినంత మాత్రాన విద్య ఎక్కడికీ పోదు. వినడం మాత్రం ఆపకండి.

నాకు నలభై ఐదు దాటాయి. ఇప్పుడు మొదలుపెట్టొచ్చా?

మొదలుపెట్టండి. పెద్ద కచేరీలు లక్ష్యంగా పెట్టుకోవద్దు. ఐదారేళ్ళలో పాతిక కృతులు శుద్ధంగా పాడుకోగలరు, కచేరీ వింటే లోపల ఏం జరుగుతోందో తెలుస్తుంది. మన ఊళ్ళలో సభలకి ఇవాళ అలాంటి శ్రోతల లోటే ఎక్కువగా ఉంది.

మా తాతగారి పాత క్యాసెట్లు, పాఠం పుస్తకాలు అటక మీద ఉన్నాయి. ఏం చెయ్యమంటారు?

పారెయ్యకండి, వెంటనే ప్లేయర్లో పెట్టి తిప్పకండి కూడా. బూజు పట్టిన టేపు ఒక్క తిప్పుకే తెగిపోవచ్చు. తెలిసినవాళ్ళతో శుభ్రం చేయించి, డిజిటల్‌లోకి ఎక్కించండి. డబ్బా మీద ఉన్న రాత చెరిగిపోకముందే ఫోటో తియ్యండి. పాడింది ఎవరు, ఏ ఊరు, పక్కవాద్యం ఎవరు, ఏ పండగ అనేవి ఇంట్లో పెద్దవాళ్ళు ఉన్నప్పుడే కూర్చోబెట్టి అడిగి రాసుకోండి. స్వరం రాసిన పుస్తకాలు పేజీ పేజీ ఫోటో తీసి, ఒక ప్రతి దగ్గరి సంగీత కళాశాలకి ఇవ్వండి, అసలు పుస్తకం మీ ఇంట్లోనే ఉంచుకోండి.